అవసరం లేనిది కొట్టివేయుము

నవంబరు 4, సోమవారం

చరిత్ర శాఖ ఆచార్యులు రత్నాకర్ గారు ఈరోజు స్వయంగా గ్రంథాలయానికి వచ్చి, నా బల్ల ముందు కుర్చీలో కూర్చుని, "ఆనందరావు గారూ, ఈ పని మీరే చేయాలి" అన్నారు. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక ఆచార్యుడు నా బల్ల ముందు కూర్చోవడం ఇది రెండవసారి. మొదటిసారి కూర్చున్నవారు పోగొట్టుకున్న గొడుగు కోసం వచ్చారు.

గ్రంథాలయం కింది హాలులో చిత్రప్రదర్శన పెడుతున్నారు. విషయం: ప్రపంచ పురాణాలలో స్త్రీపురుష రూపాలు కలిసివున్న దేవతలు, ఒక రూపం నుండి మరొక రూపానికి మారిన దేవతలు. పన్నెండు చిత్రాలు. ఒక్కొక్కదాని కింద తెలుగులో వివరణ ఉండాలి. "మా పిల్లలు రాస్తే చూసేవాళ్ళు నవ్వేలా ఉందండీ. మీది గంభీరమైన భాష" అన్నారు.

నేను క్రైస్తవుణ్ణి; తార్నాకలో మా సంఘానికి కార్యదర్శిని. అభ్యంతరం చెప్పాలా అని ఒక నిమిషం ఆలోచించాను. అయితే నేను ప్రాచీన చరిత్రలో ఎం.ఏ. కూడా. పగలు అటెండరుగా పుస్తకాలు మోసి, సాయంత్రాలు రాత్రి కళాశాలలో కూర్చుని సంపాదించుకున్న పట్టా అది. విద్య వేరు, విశ్వాసం వేరు. ఒప్పుకున్నాను.

ఈ విషయానికీ మా ఇంటికీ ఏ సంబంధమూ లేదు.

నవంబరు 5, మంగళవారం

సొట్టపడిన స్టీలు టిఫిన్ డబ్బా ఈ ఉదయం కూడా వంటింట్లో లేదు. నా భార్య సారమ్మను అడగలేదు.

నవంబరు 6, బుధవారం

జూన్ పదకొండు నుండి మా ఇంట్లో మా బిడ్డ పేరు ఎవరమూ ఎత్తడం లేదు. మేము పెట్టిన ఎలీషా అన్న పేరూ ఎత్తడం లేదు, తాను పెట్టుకున్న పేరూ ఎత్తడం లేదు. "నేను అబ్బాయిని కాను నాన్నా, ఎప్పుడూ కాను" అని భోజనాల దగ్గర చెప్పిన రోజు అది. ఇరవై రెండేళ్ళు పెంచిన తండ్రికి అన్నం మధ్యలో చెప్పవలసిన మాట కాదు. నేను లేచి చేయి కడుక్కున్నాను. అంతకుమించి ఏమీ అనలేదు. ఇల్లు విడిచి వెళ్ళమని నేను చెప్పలేదు. ఈ సంగతి ఇక్కడ స్పష్టంగా రాసి ఉంచుతున్నాను.

ఈరోజు రాత్రి భోజనాల దగ్గర సారమ్మ ఆ నియమం తప్పింది.

"ఏవండీ, దానికి బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది. పద్దెనిమిదిన బండి."

'దానికి' అంది. నేను చపాతీ తుంచుకుంటూ ఉన్నాను.

"బదిలీ పత్రం కావాలంది. ఏంజెల్ అన్న పేరుతో."

"ఎవరికి?"

"ఎవరికో మీకు తెలీదూ? సంఘంలో ఎవరు ఊరు మారినా రాసిచ్చేది మీరే గదా. మా స్కూలు వాచ్‌మన్ కూతురిక్కూడా రాసిచ్చారు. కన్నబిడ్డకి రాయరా?"

"పత్రం లేకపోతే ఆ ఊళ్ళో చర్చిలోకి రానివ్వరా?"

"రానిస్తారు. గుమ్మంలో నిలబెట్టి, నువ్వెవరివి, ఆడా మగా అని అడిగి అప్పుడు రానిస్తారు. చేతిలో పత్రం ఉంటే ఫలానా వారి అమ్మాయని లోపలికి రమ్మంటారు. దానికి పాడాలని ఉందండీ. ఇక్కడ క్వయిర్లోంచి దించేశాక అది నోరు తెరిచి పాడిందే లేదు."

పాస్టరు అయ్యగారి అనుమతి లేనిదే పత్రం ఇవ్వడం నిబంధనలకు విరుద్ధమని చెప్పాను. సారమ్మ నా పళ్ళెం తీసేసింది. అందులో ఇంకా సగం చపాతీ ఉంది.

నవంబరు 8, శుక్రవారం

సంఘ కాపరి అయ్యగారిని కలిశాను. వారి అభిప్రాయం స్పష్టంగా లేదు. సారమ్మకు అదే చెప్పాను.

నవంబరు 9, శనివారం

పని సాగుతోంది. ఐదు వివరణలు పూర్తి చేశాను.

నైలు నది వరదకు అధిదేవత హాపి. ఈజిప్టువారు ఆయనకు గడ్డమూ చెక్కారు, పాలిచ్చే తల్లి వంటి రొమ్మూ చెక్కారు. ఆ రెండవ విషయాన్ని మర్యాదగా రాయడానికి ఒక గంట పట్టింది. చివరకు 'పోషణకు చిహ్నమైన మాతృవక్షము గలవాడు' అని రాశాను. నా వెనుక నిలబడి చూస్తున్న అటెండరు లక్ష్మయ్య మాట కలిపాడు.

"ఏంది సార్ గీయన? గడ్డమున్నది, తల్లి లెక్క గూడ ఉన్నడు."

"నది దేవుడు లక్ష్మయ్యా. దేశానికంతా అన్నం పెడతాడు."

"గట్లయితే మంచిదే. కడుపు నింపెటోడు ఎట్లుంటేంది?" అని, "మా దిక్కు శివసత్తులుంటరు సార్. మొగోళ్ళే. చీర కట్టి, పసుపు రాసుకొని బోనం ఎత్తుతరు. పండుగనాడు పెద్ద పెద్దోళ్ళొచ్చి కాళ్ళు మొక్కుతరు. తెల్లారి గా మనిషే కిరాయికి రూం అడిగితే, లేదు పో అంటరు" అన్నాడు.

ఇది ప్రదర్శనకు పనికివచ్చే విషయం కాదని చెప్పాను.

లక్ష్మయ్య వెళ్ళబోతూ, "మీ బిడ్డ మా మాణికేశ్వర్ నగర్లనే ఉంటున్నది సార్. మా గల్లీ చివరింట్ల. గా రూం నేనే ఇప్పిచ్చిన. అమ్మ రోజు పొద్దుగాల టిఫిన్ డబ్బ తెచ్చిచ్చి పోతది" అన్నాడు.

అతని వైపు చూడకుండా నేను ఫ్రిజియా దేశపు అగ్డిస్టిస్ చిత్రం వైపు చూశాను. పుట్టుకతోనే రెండు రూపాలూ కలిగిన దేవత. ఆ బలాన్ని చూసి మిగిలిన దేవతలు భయపడి, శరీరంలో ఒక భాగాన్ని ఖండించారట. ఆ రక్తం పడిన చోట బాదం చెట్టు మొలిచిందట. దేవతలు భయపడడమేమిటో అర్థం కాలేదు. వారికి కూడా ఒక సంఘం, అందులో నలుగురు పెద్దలు ఉంటారేమో.

నవంబరు 10, ఆదివారం

మా చర్చి తూర్పు గోడమీద ఒక దేవదూత బొమ్మ ఉంది. సైన్‌బోర్డులు రాసే మనిషి వేశాడు. గడ్డం లేదు. మెడవరకు జుట్టు. పాదాలవరకు తెల్లని అంగీ. మగవాడా, ఆడమనిషా అని ఇన్నేళ్ళలో ఎవరూ అడగగా వినలేదు. ఈరోజు ప్రసంగమంతా దానినే చూస్తూ కూర్చున్నాను. వాక్యభాగం ఏమిటో ఇప్పుడు గుర్తులేదు.

నవంబరు 11, సోమవారం

కార్తీక సోమవారమని పక్కింటి వెంకటరమణమ్మగారు తడి జుట్టుతో గేటు దగ్గర ఎదురయ్యారు.

"అన్నయ్యగారూ, మీ ఎలీషా కనపడట్లేదేం?"

"హాస్టల్లో ఉంటున్నాడు."

"అలాగా! మా అమ్మాయి మొన్న ఆర్ట్స్ కాలేజీ దగ్గర చూశానంది. ఏదో..." అని ఆగి, చేతిలోని మారేడు పత్రిని సర్దుకున్నారు. "మనదేముందిలెండి, సాక్షాత్తూ ఆ శివుడే సగం ఆడది. దేవుడైతే దణ్ణం పెడతాం. మన ఇంట్లో అయితే మాత్రం ఎవరు తట్టుకోగలరు చెప్పండి!"

అది ఓదార్పో, ఎత్తిపొడుపో తెలియలేదు. ఆఫీసుకు వేళయిందని వచ్చేశాను.

నవంబరు 13, బుధవారం

పన్నెండూ పూర్తయ్యాయి. చైనావారి లాన్ ట్సాయ్‌హో గురించి రాస్తూ చాలాసేపు ఆగిపోయాను. ఎనిమిదిమంది అమరులలో ఒకరు. కొన్ని చిత్రాలలో యువకుడు, కొన్నింటిలో యువతి. ఒక కాలికి చెప్పు, ఒక కాలు ఖాళీ. చేతిలో పూలబుట్ట. పాడుకుంటూ వీధులవెంట తిరుగుతారట. ఎక్కడ పడుకునేవారో, ఎవరు అన్నం పెట్టేవారో గ్రంథంలో లేదు.

చివరిది అర్ధనారీశ్వరుడు. అందరికీ తెలిసిన రూపం గనుక కొత్తగా ఏమైనా చెప్పాలనుకున్నాను. 'ఇందులో ఏ సగమూ కొట్టివేయదగినది కాదు' అన్న వాక్యంతో ముగించాను. ఆచార్యులు దానిని రెండుసార్లు పైకి చదివి, నా భుజం తట్టారు. నా జీవితంలో నేను రాసిన వాక్యాలలో ఇది ఉత్తమమైనదని అనుకుంటున్నాను.

నవంబరు 14, గురువారం

ప్రదర్శన ప్రారంభమయింది. ద్వారం దగ్గరి బోర్డుమీద 'తెలుగు వివరణలు: ఆనందరావు, గ్రంథాలయ సిబ్బంది' అని ఉంది. ఎం.ఏ. లేదు. నోటితో చెప్పాను, కాగితంమీద రాసి కూడా ఇచ్చాను. బోర్డు రాసినవారికి రెండక్షరాలకు చోటు చాలలేదట. ఒక మనిషి నాలుగేళ్ళపాటు నిద్ర మానుకుని సంపాదించినది, పట్టుమని రెండంగుళాల చోటుకు నోచుకోలేదు. ఆచార్యులతో చెప్పాను. రేపు సరిచేయిస్తామన్నారు. చేయించరు.

జనం బాగా వచ్చారు.

ఎం.ఏ. విషయం ఇంకెవరితోనూ ప్రస్తావించకూడదని నిర్ణయించుకున్నాను.

మధ్యాహ్నం మూడు గంటలకు వచ్చింది. లేత ఆకుపచ్చ చుడీదారు. జుట్టు వెనక్కి కట్టుకుని ఉంది. మా అమ్మ పోలిక ఇంతగా ఉందని నాకు ఇంతకుముందు తెలియదు. మొదటి చిత్రం నుండి వరుసగా, ఒక్క పదం వదలకుండా నా వివరణలన్నీ చదివింది. హాపి దగ్గర చిన్నగా నవ్వింది. అగ్డిస్టిస్ దగ్గర చాలాసేపు నిలబడింది. అర్ధనారీశ్వరుడి దగ్గరకు వచ్చేసరికి ఆచార్యులూ నేనూ ఆ పక్కనే ఉన్నాము.

"ఇంత శ్రద్ధగా చదువుతున్నారే! ఎవరు, మీకు తెలుసా ఆనందరావు గారూ?" అని అడిగారు ఆచార్యులు.

"మన విశ్వవిద్యాలయ విద్యార్థి" అన్నాను.

అది అబద్ధం కాదు. ఈ ఏప్రిల్ వరకు విద్యార్థే.

ఆ మాట వినబడేంత దూరంలోనే ఉంది. మా వైపు తిరిగి, "చాలా బాగా రాశారు సార్" అంది. చేతులు జోడించింది. వెళ్ళిపోయింది.

లక్ష్మయ్య ద్వారం దగ్గర నిలబడి నావైపు చూశాడు. "ఏంది సార్" అన్నాడు, అంతే. సాయంత్రం టీ తేలేదు.

నవంబరు 15, శుక్రవారం

ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవరు గనుక ఎనిమిదవ తేదీన రాసినది సరిచేస్తున్నాను. అయ్యగారి అభిప్రాయం స్పష్టంగానే ఉంది. వారు అన్న మాటలివి:

"కార్యదర్శి గారూ, పత్రంలో ఏ పేరు రాయాలో, ఏ మాట కొట్టేయాలో తండ్రికి తెలియాలి గానీ నాకెలా తెలుస్తుంది? మీరు రాసి తీసుకురండి. సంతకం పెట్టడానికి నా దగ్గర కలం ఉంది. మీ కలం సంగతి మీరు చూసుకోండి."

కమిటీలో మాట వస్తుందేమోనన్నాను. "వస్తే నాకు వస్తుంది, మీకు కాదు" అన్నారు.

వారు కాదంటే ఎంత బాగుండేది!

నవంబరు 16, శనివారం

పత్రాల పుస్తకం బీరువాలోంచి తీశాను. ఇరవై ఒక్క సంవత్సరాలుగా దీనిని పూర్తిచేస్తున్నది నేనే. అచ్చు వేయించినదీ నేనే.

'శ్రీ / శ్రీమతి / కుమారి ........, శ్రీ ........ గారి కుమారుడు / కుమార్తె / భార్య, మా సంఘములో మంచి సాక్ష్యము గల సభ్యులు. వీరిని మీ సంఘములో చేర్చుకొని ఆదరింపవలసినదిగా కోరుచున్నాము.' అడుగున చిన్న అక్షరాలతో: 'అవసరం లేనిది కొట్టివేయుము.'

నా పత్రాలు ఏ ఊరి సంఘానికి వెళ్ళినా గుర్తుపడతారు. కొట్టివేతలన్నీ నేను స్కేలు పెట్టి, నల్ల సిరాతో గీస్తాను. చేతితో గీత ఎన్నడూ గీయలేదు.

పది నుండి పన్నెండు వరకు బల్ల దగ్గర కూర్చున్నాను. 'శ్రీమతి' కొట్టివేశాను. 'భార్య' కొట్టివేశాను. అక్కడ స్కేలు ఆగిపోయింది. 'కుమారుడు' అన్న మాటమీద పెట్టాను. జ్వరంతో ఉన్న పసివాణ్ణి ఎత్తుకుని విద్యానగర్ ఆసుపత్రికి నడిచిన రాత్రి ఆ మాట కింద ఉంది. దానిని ఎలా కొట్టివేయడం? స్కేలును 'కుమార్తె' మీదికి జరిపాను. మొన్న చేతులు జోడించినప్పటి ముఖం ఆ మాట కింద ఉంది.

అప్పుడు నా వాక్యమే నాకు గుర్తుకొచ్చింది. ఇందులో ఏ సగమూ కొట్టివేయదగినది కాదు. ఒక్కసారిగా మనసు తేలికపడింది. ఎన్ని దేశాలవారు, ఎన్ని వేల సంవత్సరాల క్రితం రెండు రూపాలనూ ఒకే పీఠంమీద నిలిపి పూజించారో రాసినవాణ్ణి నేను. నా బిడ్డకు అంతకన్న తక్కువ ఇస్తానా? రెండు మాటలూ ఉంచాను. 'శ్రీ', 'కుమారి' కూడా అలాగే ఉంచాను. పేరు స్థానంలో 'ఎలీషా ఏంజెల్' అని రాశాను. సంతకం చేశాను.

ఇంత గౌరవంగా ఏ తండ్రీ రాసి ఉండడని నా నమ్మకం.

నవంబరు 17, ఆదివారం

ఆరాధన తరువాత అయ్యగారు సంతకం చేశారు. కాగితాన్ని కొంచెంసేపు చూసి, "ఇంతేనా కార్యదర్శి గారూ?" అని అడిగారు. ఇంతేనన్నాను.

సారమ్మకు కవరు అంటించి ఇచ్చాను. ఆమె నా చేతిని రెండు చేతులతో పట్టుకుంది. పెళ్ళినాటి తరువాత అలా పట్టుకోవడం ఇదేననుకుంటాను. "రేపు మీరూ రండి స్టేషన్‌కి" అంది. ప్రదర్శన ముగింపు పనులున్నాయని, చిత్రాలు దింపించాలని చెప్పాను. చిత్రాలు దింపడానికి లక్ష్మయ్య చాలు.

నవంబరు 18, సోమవారం

సాయంత్రం ఏడుకు బండి కాచిగూడ నుండి కదిలి ఉంటుంది. ఎనిమిదిన్నరకు సారమ్మ తిరిగివచ్చింది. చెప్పులు విప్పకుండా వచ్చి, కవరును నా బల్లమీద పెట్టింది. చించి తెరిచి ఉంది. లోపల పత్రం ఉంది.

"తీసుకోలేదా?"

"ప్లాట్‌ఫాం మీద విప్పి చదివింది. ముందు సంతోషంగానే విప్పిందండీ. నాన్న రాశారా అని రెండుసార్లు అడిగింది."

"మరి?"

సారమ్మ కుర్చీలో కూలబడి, తను విన్న మాటలను విన్నట్టే అప్పజెప్పింది. "అమ్మా, నాన్న నన్ను కూడా ఆ గోడమీది బొమ్మల్లో పదమూడోది చేసేశారు. నేను రెండు సగాలు కాదు. నేను దేవతనీ కాదు. మీ కూతుర్ని, అంతే. ఒక్క మాట కొట్టేస్తే అయిపోయేది కదమ్మా, అదెందుకు చేతకాలేదు నాన్నకి? ఈ కాయితం పట్టుకెళితే అక్కడివాళ్ళు ఏమంటారు, ఇందులో ఏది అని నన్నే అడగరూ?"

నేను ఇచ్చినది గౌరవమని వివరించబోయాను.

"గౌరవం ఎవరడిగారండీ మిమ్మల్ని!" అంది సారమ్మ. అరవలేదు. అరిస్తే బాగుండేది. "ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టి, నాన్నకి ఇచ్చెయ్, పుస్తకంలో లెక్క తప్పుతుంది, ఆయనకి నిద్ర పట్టదు అంది."

నవంబరు 19, మంగళవారం

రాయడానికి ఏమీ లేదు.

నవంబరు 20, బుధవారం

పాత పత్రంమీద 'రద్దు' అని రాసి పుస్తకంలో అంటించాను. కొత్తది తీశాను. పేరు: ఏంజెల్. 'శ్రీ' కొట్టివేశాను. 'శ్రీమతి', 'భార్య' కొట్టివేశాను. 'కుమారుడు' దగ్గర స్కేలు కోసం చేయి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. ఉత్త చేతితో గీశాను. గీత వంకరగా పోయింది, చివర్లో సిరా కొంచెం అలికింది. అయినా ఏ మాట పోయిందో, ఏ మాట మిగిలిందో ఎవరికైనా తెలుస్తుంది.

పనంతా అర నిమిషం పట్టింది.

అయ్యగారు సంతకం చేసి, నా గీతవైపు చూసి, "తీసుకెళ్ళండి" అన్నారు.

నవంబరు 21, గురువారం

"చిరునామా చెబితే రిజిస్టరు పోస్టులో పంపుతాను" అన్నాను. సారమ్మ పత్రాన్ని దీపం కింద పట్టుకుని చూసింది. వేలితో ఆ గీతను తడిమింది. "ఫోన్ చేసినప్పుడు అడిగి చెప్తాను" అంది.

నవంబరు 24, ఆదివారం

ఊరు మారే సభ్యుల పేర్లు ప్రకటనల సమయంలో చదివే ఆచారం మాకుంది. కార్యదర్శే చదవాలి. లేచి నిలబడ్డాను. "శ్రీ ఆనందరావు గారి కుమార్తె, కుమారి ఏంజెల్, బెంగుళూరు" అని చదివాను. ముందు వరుసలలో ఇద్దరు ఒకరివైపొకరు తిరిగి చూసుకున్నారు. ఎవరో దగ్గారు. తూర్పు గోడమీద బొమ్మ ఎప్పటిలాగే ఉంది. వినవలసిన మనిషి అక్కడ లేదు.

సాయంత్రం ఫోన్ వచ్చింది. సారమ్మ వంటింట్లోకి వెళ్ళి మాట్లాడింది. నేను హాలులో టీవీ శబ్దం తగ్గించాను. తరువాత వచ్చి చెప్పింది:

"ఇవాళ చర్చికి వెళ్ళిందట. చివరి బల్లమీద కూర్చుందట. ఎవరో పెద్దావిడ పక్కకు జరిగి, పాటల పుస్తకం సగం దాని వైపు పట్టిందట."

"పత్రం అడగలేదా?"

"ఎవరూ అడగలేదట."

"మంచిది" అన్నాను. ఇరవై ఒక్క సంవత్సరాలుగా నేను రాసినవాటిని ఎవరైనా అడిగి ఉంటారా అన్న సందేహం మొదటిసారిగా కలిగింది.

"నేను చదివిన సంగతి చెప్పావా?"

"చెప్పాను. ఊఁ అంది."

"చిరునామా?"

"ఇంకా సర్దుకోలేదంటండీ. తర్వాత చెప్తానంది."

నవంబరు 28, గురువారం

చిరునామా రాలేదు.

డిసెంబరు 3, మంగళవారం

"గా దేవుండ్ల బొమ్మలు ఏడ పెట్టాలె సార్?" అని లక్ష్మయ్య అడిగాడు. పాత వార్తాపత్రికల గదిలో గోడకు ఆనించి పెట్టించాను. పూలబుట్ట పట్టుకున్న లాన్ ట్సాయ్‌హో ముఖం గోడవైపు ఉంటే ఇటు తిప్పించాను. పని అయ్యాక లక్ష్మయ్య రెండు టీలు తెచ్చాడు. నా ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

"గా రూం ఇంక ఖాళీనే ఉన్నది సార్" అన్నాడు. "గోడ మీద పెన్సిల్తోని ఏందో పాట రాసి పెట్టింది. సున్నం ఎయ్యనియ్యలే నేను."

చూపిస్తావా అని అడగాలనుకున్నాను. టీ చల్లారిపోయింది.

డిసెంబరు 8, ఆదివారం

చిరునామా రాలేదు. పత్రం ఈ పుటల మధ్యనే ఉంది.

సొట్టపడిన టిఫిన్ డబ్బాను సారమ్మ తోమి, తుడిచి, అటకమీద పెట్టేసింది. ఆమె బయటికి వెళ్ళినప్పుడు నేను స్టూలు వేసుకుని దించి, పొయ్యి పక్కన దాని చోట దానిని పెట్టాను. తిరిగివచ్చి చూసింది. అందులో ఇంత ఉప్పు పోసి, మూత పెట్టింది.